ఒర నుంచి ఫైలు దాకా: 'పుట్ అప్' ప్రయాణం

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా సూపరింటెండెంటుగారు ఒక కాగితాల కట్ట నా బల్ల మీద పడేసి, "సాయంత్రానికల్లా ఇది పుటప్ చెయ్యవోయ్" అన్నారు. పుట్ అంటే పెట్టు, అప్ అంటే పైన. ఇందులో అడగడానికి ఏముంది? ఆయన కుర్చీ వెనక నిలువెత్తు ఇనప బీరువా ఉంది. స్టూలు ఎక్కి, బీరువా నెత్తిన పేరుకున్న దుమ్ము దులిపి, కట్టను అక్కడ భద్రంగా పెట్టి దిగాను. సాయంత్రం ఆయన ఫైలు అడిగితే వేలెత్తి పైకి చూపించాను. ఆఫీసంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. "హౌ లాంగ్ షుడ్ ఐ పుటప్ విత్ యూ?" అని తల పట్టుకున్నారు. ఆ అవమానంతో మెట్లు దిగుతుంటే టైపిస్టు వెంకన్నగారు భుజం తట్టి, "పోన్లే బాబూ, ఇంతకీ ఈ ఊళ్లో ఎక్కడ పుటపయ్యావు?" అన్నారు.

ఒక్కరోజులో ఒకే మాట మూడుసార్లు తగిలింది, మూడు అర్థాల్లో. అధికారి ముందు ఫైలు పెట్టడం ఒకటి, మనిషిని భరించడం ఒకటి, బస చేయడం ఒకటి. మూడింటిలోనూ 'పైన పెట్టడం' అనేది లేదు. ఆ రాత్రి గదికి వెళ్లి నిఘంటువు తెరిచాను. 'పుట్' అనే మూడక్షరాల మాటకు పేజీల కొద్దీ అర్థాలున్నాయి. అవి ఎలా పుట్టుకొచ్చాయో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ముందు 'పుట్' సంగతి. ఇప్పుడు దాని అర్థం ఉత్త పెట్టడం. పాత ఇంగ్లిషులో మాత్రం నెట్టడం, తొయ్యడం. ఆ పాత అర్థం ఇవాళ్టికీ ఆటస్థలంలో బతికే ఉంది. 'షాట్‌పుట్'లో ఇనపగుండును విసరరు, భుజం దగ్గర్నుంచి నెడతారు. గోల్ఫులో బంతిని గుంటలోకి మెల్లగా తోసే 'పట్' కూడా ఈ మాటకు చుట్టమే. తొయ్యడం కాస్తా క్రమంగా పెట్టడంగా చల్లబడింది. తీరా చల్లబడ్డాక, ఎవరు పిలిచినా వెళ్లే పనిమనిషిలా అప్, డౌన్, ఆఫ్, ఔట్, ఇన్, ఆన్, త్రూ, అక్రాస్ అన్నిటి వెంటా తిరగడం మొదలుపెట్టింది.

ఈ తిరుగుడు ఇంగ్లిషుకు పుట్టుకతో వచ్చింది కాదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిషు క్రియకు చిన్నమాటను వెనక కాదు, ముందు తగిలించేది. అండర్‌స్టాండ్, ఫర్‌గివ్, విత్‌స్టాండ్ ఆ కాలం నాటి మిగుళ్లు. 'కింద నిలబడు' అన్న పదాల్లోంచి 'అర్థం చేసుకో' ఎలా వచ్చిందని పిల్లలు అడిగితే టీచర్లు కసురుతారు గాని, అడగదగ్గ ప్రశ్నే అది. విత్‌స్టాండ్‌లోని 'విత్' అయితే ఇంకా వింత. అక్కడ దాని అర్థం 'తో' కాదు, 'ఎదురుగా'. ఎదురు నిలవడమే విత్‌స్టాండ్.

తరవాత రెండు దండయాత్రలు జరిగాయి. తొమ్మిదో శతాబ్దంలో స్కాండినేవియా నుంచి వైకింగులు వచ్చి ఇంగ్లండు తూర్పు, ఉత్తర భాగాల్లో కాపురం పెట్టారు. వాళ్ల నోర్స్ భాషలో చిన్నమాట క్రియకు వెనకే నడిచేది. ఇరుగుపొరుగు వ్యవహారంలో ఆ అలవాటు ఇంగ్లిషుకు అంటుకుంది, లేదా అప్పటికే మొలకెత్తుతున్న అలవాటుకు నీళ్లు పోసింది. పీటర్‌బరో మఠంలో సన్యాసులు 1154 దాకా రాసుకొచ్చిన వృత్తాంతంలో 'గివ్ అప్' కనిపిస్తుంది, అప్పటి స్పెల్లింగులో. ఇవాళ సిగరెట్ మానేశానని చెప్పడానికి వాడే మాటకు అంత వయసుంది.

రెండోది 1066లో నార్మన్లది. వాళ్లు గెలిచాక కోర్టుకూ కొలువుకూ ఫ్రెంచి, చర్చికీ చదువుకూ లాటిన్. ఇంగ్లిషు పొలంలో, వంటింట్లో, సంతలో ఉండిపోయింది. అందుకే ఆ భాషకు ఒకే పనికి రెండు అరల మాటలు వచ్చాయి. పై అరలో పోస్ట్‌పోన్, ఎక్స్‌టింగ్విష్, సరెండర్, టాలరేట్. కింద అరలో పుట్ ఆఫ్, పుట్ ఔట్, గివ్ అప్, పుట్ అప్ విత్. ఈ ఏర్పాటు తెలుగువాడికి విడమరచి చెప్పనక్కర్లేదు. మనకు సహించడం ఉంది, ఓర్చుకోవడం ఉంది. ప్రారంభించడం ఉంది, మొదలుపెట్టడం ఉంది. శిలాఫలకం మీద 'ప్రారంభించబడినది' అని చెక్కుతాం. పొయ్యి దగ్గర 'వంట ప్రారంభించావా?' అని మాత్రం ఎవరూ అడగరు.

ఇక 'పుట్ అప్' అసలు కథకు వస్తాను. దీని నడుమ ఒక కత్తి ఉంది.

1611లో జేమ్స్ రాజు పేర వెలువడ్డ ఇంగ్లిషు బైబిలులో, ఏసును పట్టుకోవడానికి భటులు తోటలోకి వచ్చినప్పుడు పేతురు కత్తి దూసి ఒకడి చెవి నరుకుతాడు. కత్తి ఒరలో పెట్టమని ఏసు చెబుతాడు. అక్కడ వాడిన క్రియ 'పుట్ అప్'. అంటే ఆ రోజుల్లో పుట్ అప్‌కు ఒక అర్థం తీసిన వస్తువును తిరిగి దాని చోట దాచెయ్యడం. కత్తిని ఒరలో, డబ్బును సంచిలో, ఉత్తరాన్ని జేబులో. అప్పటి మర్యాదస్తుడి లెక్కలో అవమానం జరిగితే కత్తి దూయాలి. దూయకుండానో, దూసి మళ్లీ ఒరలో పెట్టేస్తేనో అవమానాన్ని మింగినట్టే. కాబట్టి కత్తిని 'పుట్ అప్' చేసిన మనిషి దానితోపాటు అవమానాన్నీ 'పుట్ అప్' చేశాడు. 1594లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకం 'టైటస్ ఆండ్రోనికస్'లో ఈ అర్థం స్పష్టంగా ఉంది. నలుగురిలో పరువు పోగొట్టుకొని, పగ తీర్చుకోకుండా ఊరుకోవడమా అని ఒక పాత్ర మండిపడే చోట వచ్చేది ఈ మాటే. అక్కడ ఇంకా 'విత్' లేదు. అవమానాన్ని నేరుగా 'పుట్ అప్' చేసేవారు.

సంచీ, జేబూ కూడా ఈ అర్థానికి దారి వేశాయి. తిట్టును జేబులో వేసుకోవడం అనే పలుకుబడి ఇంగ్లిషులో వేరేగా ఉండనే ఉంది. నాకు మాత్రం ఒర బొమ్మే ఇష్టం. మన భాషలో ఈ పనికి ఒర లేదు, కడుపు ఉంది. 'కడుపులో పెట్టుకో' అంటాం. 'దిగమింగుకో' అంటాం. 'కళ్లల్లో నీళ్లు కళ్లల్లోనే కుక్కుకుంది' అంటాం. కత్తి ఉన్నవాడు ఒరలో దాచాడు, లేనివాడు కడుపులో దాచుకున్నాడు. పెట్టడం మాత్రం రెండు చోట్లా ఉంది.

'విత్' తోడైన రూపం పద్దెనిమిదో శతాబ్దపు నడుమకల్లా స్థిరపడింది. ఆ చేర్పుతో కత్తి పూర్తిగా కనుమరుగైంది. ఒరలో పెట్టేదేమీ మిగల్లేదు, ఎవరితోనో దేనితోనో నెట్టుకురావడం మిగిలింది. వీరుడి మాట సంసారి మాటగా మారింది. ఇవాళ ఇంగ్లిషువాళ్లు పుట్ అప్ విత్ చేసేది పక్కింటి కుక్క అరుపును, ఆలస్యంగా వచ్చే రైలును, అత్తగారి సలహాలను. పెద్ద దుఃఖానికి ఆ మాట వాడరు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గురించి మాట్లాడేటప్పుడు బేర్, ఎండ్యూర్ లాంటి మాటలు వస్తాయి. పుట్ అప్ విత్‌లో ఎప్పుడూ కొంచెం సణుగుడు ఉంటుంది. అందుకే దీన్ని 'సహించు' అని తెలుగు చేస్తే పెద్దపీట వేసినట్టవుతుంది. 'ఓర్చుకొను'లో ఓర్పు అనే సుగుణం ఉంది, అదీ కుదరదు. నా తీర్పు అడిగితే 'సర్దుకుపోవు'. కాదంటే, కాస్త విసుగు కలిపి, 'వేగడం'. 'ఆయనతో ఇరవై ఏళ్లుగా వేగుతున్నాను' అని ఒక ఇల్లాలు అంటే, విత్‌తో సహా మొత్తం పుట్ అప్ విత్ అందులో ఉంది.

బస అర్థం వేరే దారిన వచ్చింది. ఇది కత్తి దారి కాదు, గుర్రం దారి. గుర్రపుబండ్ల కాలంలో బాటసారి సత్రం చేరగానే మొదట చేసే పని గుర్రాన్ని లాయంలో కట్టించడం. గుర్రాన్ని 'పుట్ అప్' చేసేవారు. గుర్రం ఎక్కడ ఆగితే మనిషీ అక్కడే కదా. మనిషి కూడా ఫలానా సత్రంలో 'పుట్ అప్' అయ్యాడు. గుర్రాలు పోయాయి, మోటార్లు వచ్చాయి. ఇంగ్లండులో ఈ అర్థం చాలావరకు అతిథికి ఇంట్లో చోటివ్వడానికి కుదించుకుపోయింది. మన దగ్గర మాత్రం కంపెనీ దొరలు వదిలి వెళ్లిన కోటులా వేలాడుతూనే ఉంది. హైదరాబాదులో ఉద్యోగానికొచ్చిన కుర్రాణ్ని 'ఎక్కడ పుటప్?' అని అడిగితే 'అమీర్‌పేట హాస్టల్లో' అంటాడు. లండనువాడికి ఆ ప్రశ్న తాతగారి డైరీలోంచి లేచి వచ్చినట్టు వినిపిస్తుంది.

ఇక్కడే ఒక చిన్న ప్రమాదం ఉంది. చుట్టాన్ని 'పుట్ అప్' చేస్తే ఇంట్లో చోటిచ్చారని. చుట్టాన్ని 'పుట్ అప్ విత్' చేస్తే భరించారని. మొదటి రోజు మొదటిది, నాలుగో రోజుకు రెండోది. వాక్యంలో కూడా రెంటికీ తేడా ఉంది. చోటిచ్చేటప్పుడు చుట్టం పుట్‌కూ అప్‌కూ నడుమ దర్జాగా కూర్చోవచ్చు. భరించేటప్పుడు మూడు మాటలూ ఒకదాన్నొకటి వదలవు, మనిషో వస్తువో విత్ తరవాతే రావాలి. ఎన్ని అభ్యాస పుస్తకాలు పూర్తిచేసినా పరీక్షల్లో పిల్లలు జారేది ఇక్కడే.

వ్యాకర్తలకు క్రియ వెనక చేరే ఈ తోకమాటలంటే చాలాకాలంగా చిరాకు. ఇంగ్లిషు వాక్యం ప్రిపొజిషన్‌తో ముగియకూడదని 1672లో కవి డ్రైడెన్ పేచీ పెట్టాడు. బెన్ జాన్సన్ నాటకంలో తప్పు పట్టాడు. తరవాత తన పాత వ్యాసాన్ని మళ్లీ అచ్చు వేయించేటప్పుడు తన వాక్యాల తోకలూ తనే కత్తిరించుకున్నాడు. 1762లో వ్యాకరణం రాసిన బిషప్ లౌత్ ఇంకాస్త సరసుడు. ఈ అలవాటు ఇంగ్లిషుకు బలంగా ఉందని చెబుతూ, ఆ సంగతి చెప్పిన ముక్కనే ప్రిపొజిషన్‌తో ముగించాడు.

ఈ గొడవలోకి పుట్ అప్ విత్‌ను లాగిన హాస్యం ఒకటి లోకమంతా తెలుసు. ఎవరో గుమాస్తా ప్రధాని చర్చిల్ వాక్యం చివర ప్రిపొజిషన్‌ను సరిదిద్దితే, ఆయన అంచున కోపంగా ఒక వాక్యం గీకాడట. అందులో అప్‌నీ విత్‌నీ ముందుకు ఈడ్చుకొచ్చి, పుట్‌ను ఒంటరిగా చివర నిలబెట్టి, నియమం పాటిస్తే భాష ఎంత వికారంగా తయారవుతుందో చూపించాడని చెబుతారు. కథ బాగుంది గాని చర్చిల్‌దనడానికి ఆధారం లేదు. 1942లో అదే చమత్కారం లండను పత్రికలో అచ్చయినప్పుడు అందులో ఆయన పేరు లేదు, పేరు చెప్పని ఒక ప్రభుత్వ శాఖ మాత్రమే ఉంది. మన దగ్గర ఊరూపేరూ లేని చాటువులన్నీ తెనాలి రామకృష్ణుడి ఖాతాలో పడ్డట్టే, అక్కడ చర్చిల్ ఖాతాలో పడ్డాయి.

ఈ పండితుల్లో తోకమాటలను నిజంగా పట్టించుకున్నవాడు శామ్యూల్ జాన్సన్. 1755 నాటి తన నిఘంటువు పీఠికలో, క్రియ వెనక చిన్నమాట చేరి అర్థం ఎక్కడికో వెళ్లిపోయే ఈ పద్ధతి పరదేశీయులకు పెద్ద కష్టమని గుర్తించి, వాటిని శ్రద్ధగా ఏరి పెట్టానని చెప్పుకున్నాడు. తన గద్యంలో లాటిన్ గాంభీర్యానికి పేరుపడ్డ మనిషి, కింద అర మాటలకు అంత మర్యాద చేశాడు. అయినా వీటికి పేరు లేదు. మరో నూట డెబ్భై ఏళ్లు అనామకంగానే తిరిగాయి. 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్'లో 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు వాడి, అది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ సూచించిందని రాశాడు. అప్పటికి బ్రాడ్లీ పోయి రెండేళ్లు. బిడ్డ పుట్టి ఎనిమిది వందల ఏళ్లయ్యాక బారసాల జరిగింది.

పేరు వచ్చిన అయిదేళ్లకే ఒక విచిత్ర ప్రయోగం. 1930లో సి.కె. ఆగ్డెన్ లోకమంతా సులువుగా నేర్చుకోవడానికి 'బేసిక్ ఇంగ్లిష్' తయారుచేశాడు. మొత్తం 850 మాటలు, అందులో క్రియలు పద్దెనిమిదే. పుట్, గెట్, టేక్, గివ్, గో, కమ్ వగైరా. మిగతా పనులన్నీ వీటికి తోకలు తగిలించి నడిపించాలి. 1943లో చర్చిల్ హార్వర్డులో ఈ పథకాన్ని మెచ్చుకొని మాట్లాడాడు కూడా. లెక్కకు 850 మాటలే. కాని పుట్ ఆఫ్, పుట్ ఔట్, పుట్ అప్ విత్ ఒక్కొక్కటీ ఒక్కో కొత్త మాట. పుట్ తెలిసి, అప్ తెలిసి, విత్ తెలిసినా మూడూ కలిస్తే ఏమవుతుందో తెలియదు. బీరువా ఎక్కిన నా ఫైలే సాక్షి.

నిఘంటుకారులకూ అదే అనుభవం. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో చాలాకాలం అతి పొడుగాటి పద్దు 'సెట్'ది. కొత్త కూర్పు పని మొదలయ్యాక 2000లో 'మేక్' దాన్ని దాటింది. 2007లో 'పుట్' మేక్‌ను దాటింది. 2011లో 645 అర్థాలతో 'రన్' అందరినీ దాటేసి పరుగెత్తింది. నాలుగూ కింద అర మాటలే.

ఇక మన వైపు. 1835లో మెకాలే పుణ్యమాని ఇంగ్లిషు చదువు మనకు పై అర నుంచి దిగింది. బజారు ఇంగ్లిషు వినకుండా పుస్తకాల ఇంగ్లిషు బట్టీ పట్టాం. అందుకే మన తాతలు పోస్ట్‌పోన్ చేయగలిగారు గాని పుట్ ఆఫ్ దగ్గర తడబడ్డారు. అర్జీల్లో 'ఐ బెగ్ టు స్టేట్' అని ధారాళంగా రాసినవాళ్లు దొరతో పిచ్చాపాటీ మాట్లాడలేకపోయారు. 1850లలో బ్రౌను దొర ఇంగ్లిషు-తెలుగు నిఘంటువుతో ఈ పలుకుబళ్లకు తెలుగు వెతికే పని సాగింది. తరవాత శంకరనారాయణ నిఘంటువు ఇంటింటా చేరింది. 1930ల నుంచి రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చేతపట్టుకొని ఈ మాటల జాబితాలు వల్లె వేశాం. జాబితాగా వల్లె వేస్తే ఇవి రావు. కందిరీగల తుట్టెలా అన్నీ ఒక్కసారి లేస్తాయి.

ఒక తమాషా చెప్పాలి. 1906-07 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలో చదివిన తెలుగు వీధిలో ఎందుకు వినబడదని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తిగారిని వ్యావహారిక భాషోద్యమంలోకి నడిపించింది. దొరకు మన భాషలో తగిలిన ఇబ్బందే ఆయన భాషలో మనకు తగిలింది. మనకు గిడుగు దొరికాడు. మన ఇంగ్లిషుకు మాత్రం అలాంటివాడు సకాలంలో దొరకలేదు. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల భాషా సంస్థ పెట్టేదాకా మన దగ్గర ఉపాధ్యాయులకు వాడుక ఇంగ్లిషు నేర్పడానికి పెద్ద ఏర్పాటంటూ లేదు.

నిజానికి మనం అంత భయపడాల్సింది లేదు. మన వ్యాకరణంలో శబ్దపల్లవం అని ఒకటుంది. క్రియకు ముందు ఒక మాట చేరి, రెంటిలోనూ లేని అర్థం చిగురిస్తుంది. తలపెట్టు, చేపట్టు, మేలుకొను. తలపెట్టడంలో తలను ఎక్కడా పెట్టం. కనిపెట్టడంలో ఏదీ పెట్టం. ఇక తోకల సంగతికొస్తే మనవి ఇంకా పొడుగు. తిను వేరు, తినెయ్ వేరు, తినిపెట్టు వేరు. ఈట్‌కు అప్ చేర్చి ఇంగ్లిషువాడు చెప్పే 'మిగల్చకుండా' అన్న భావం తినెయ్‌లోని 'ఎయ్' చెబుతోంది. కొట్టిపారెయ్యడం, తోసిపుచ్చడం, చేతులెత్తెయ్యడం, సర్దుకుపోవడం ఏ పరదేశీయుడికైనా పుట్ అప్ విత్ అంత చిక్కైనవే. పోవడం లేని చోట 'పోవు' ఎందుకుందని వాడు అడిగితే, మనమూ టీచర్లలాగే కసురుతాం.

పైగా తెలియకుండానే ఈ ఇంగ్లిషు తోకలను మనం ఇంటికి తెచ్చేసుకున్నాం. స్టూడియోలో మేకప్, గెటప్, ప్యాకప్. పోలీస్ స్టేషన్లో లాకప్. ఆస్పత్రిలో చెకప్. థియేటరు ముందు కటౌట్. ప్రవేశ పరీక్షకు కటాఫ్. బిల్డప్ ఇచ్చేవాణ్ని చూసి 'వర్కవుట్ కాదులే' అనని కుర్రాడు లేడు. బడిలో క్రియలుగా రానివి బజారులో నామవాచకాలుగా వచ్చాయి. వాటికి మనం 'చెయ్', 'అవు', 'ఇవ్వు' తగిలించి మళ్లీ క్రియలు చేసుకున్నాం. 'పుటప్ చెయ్' అలా పుట్టిందే. అందులో అప్ ఇంగ్లిషు తోక, చెయ్ తెలుగు తోక. ఒక్క మాటకు రెండు తోకలు.

కొన్నిచోట్ల తోక ఎక్కువైంది కూడా. మనవాళ్లు 'కోప్ విత్' అనరు, 'కోప్ అప్ విత్' అంటారు. ఆ అప్ ఇంగ్లిషులో లేదు. పుట్ అప్ విత్, కీప్ అప్ విత్, కమ్ అప్ విత్ నాలుక మీద ఆడి ఆడి అంటించిన జబ్బు అది. ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలకు నేను చెప్పే సలహా ఒక్కటే. అక్కడ అప్ తీసెయ్యండి, పుట్ అప్ విత్‌లో మాత్రం ఉంచండి.

ఇంకో మాట కూడా. బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే పెద్ద వాడుకభాషా భాండాగారాన్ని 2007లో ఇద్దరు పరిశోధకులు జల్లెడ పట్టారు. అందులోని ఫ్రేజల్ వెర్బ్ వాడకంలో సగానికి పైగా కేవలం వంద జంటలదే. వేలకు వేలు బట్టీ పట్టనక్కర్లేదు, ఆ వందనూ వాక్యాల్లో విని, వాక్యాల్లో వాడితే చాలు. జాబితాలో చదివింది ఫైలులా బీరువా ఎక్కుతుంది.

ఇక ఆఫీసు పుటప్. కత్తి, గుర్రం రెండూ లేని ఈ మూడో అర్థం భారతదేశపు కచేరీలది. ఇక్కడ 'అప్' అంటే నిచ్చెనలో పై మెట్టు. గుమాస్తా నోటు రాసి సూపరింటెండెంటుకు, ఆయన తన పై అధికారికి, అలా సంతకం దొరికేదాకా పైకి పంపడం. తెల్లదొరల హయాంలో పుట్టి, వాళ్లు వెళ్లాక మరింత బలిసిన మాట. బ్రిటన్‌లో ఏ ఉద్యోగికైనా ఫైలు పుటప్ చెయ్యమని చెప్పి చూడండి, నేను చేసిన పనే చేస్తాడు.

ఇప్పుడు తెలుగు రాష్ట్రాల సచివాలయాల్లో ఇ-ఆఫీసు వచ్చింది. కట్టలు లేవు, టాగు దారాలు లేవు, బీరువా నెత్తిన దుమ్మూ లేదు. ఫైలు తెర మీద ఒక మీటతో కదిలిపోతుంది. మొన్న పింఛను పని మీద వెళితే ఒక కుర్ర ఉద్యోగిని కంప్యూటర్లోంచి తలెత్తి, "మీది పొద్దున్నే పుటప్ చేశాను సార్" అంది. అలవాటు కొద్దీ నేను బీరువా పైకి చూశాను.